పెద్దమ్మ గొంతు ఎటు పోయింది? – మోనో, స్టీరియో ట్రాకుల సంగతి



మన హాస్టల్లో ఒక జత ఇయర్‌ఫోన్లకు ఎప్పుడూ ఇద్దరు వాటాదారులు ఉంటారు. రాత్రి స్టడీ అవర్ అయిపోయాక ట్రంకు పెట్టెల మీద పక్కపక్కన కూర్చుని, ఎడమది ఒకరు, కుడిది ఒకరు చెవిలో పెట్టుకుని పాటలు వినడం ఇక్కడ ఉన్న ప్రతివాడికీ అలవాటే. అలా వింటున్నప్పుడు ఒక వింత గమనించారా? పాట ఒకటే అయినా ఇద్దరికీ ఒకేలా వినిపించదు. ఒకరికి వేణువు గట్టిగా వినిపిస్తే, ఇంకొకరికి తబలా గట్టిగా వినిపిస్తుంది. "ఇప్పుడొచ్చిన వయోలిన్ ఎంత బాగుందిరా" అని ఒకడంటే "వయోలిన్ ఎక్కడుందిరా?" అని రెండోవాడు అడుగుతాడు. ఇద్దరి చెవులూ మంచివే. పాట స్టీరియోలో ఉంది, దాన్ని మనం చెరి సగం పంచుకున్నాం. అంతే.

ఈ చిన్న విషయం సరిగ్గా తెలియక మేము ఒకసారి నిండు సభలో తలదించుకోవాల్సి వచ్చింది. ఆ సంగతి చెబుతూనే, కంప్యూటర్లో పాటలూ మాటలూ రికార్డు చేసేవారు తప్పక తెలుసుకోవలసిన మోనో, స్టీరియో ట్రాకుల గురించి మాకు తెలిసినంతవరకు వివరించాలని ఈ వ్యాసం రాస్తున్నాం. మేమేమీ సౌండ్ ఇంజనీర్లం కాము. మా ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కిన మొదటి తరం మేము. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. పొరపాటు చేసి నేర్చుకున్నవాళ్ళం కాబట్టి, ఆ పొరపాటు తమ్ముళ్ళు చేయకూడదని మా ఆశ.

వీడ్కోలు సభలో జరిగింది

మేము డిగ్రీ మూడో సంవత్సరంలో ఉండగా మన వంట పెద్దమ్మ రిటైర్ అయింది. ఎన్నో బ్యాచ్‌లకు అన్నం పెట్టిన చేయి ఆమెది. పొద్దున్నే ఉప్మా కలుపుతూ, మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఆమె నాట్ల పాటలు పాడేది. జ్వరం వచ్చి కాలేజీకి పోకుండా డార్మిటరీలో పడుకున్నవాడికి ఆ పాటే తోడు. పాత అన్నలకు ఇది మేము చెప్పనవసరం లేదు.

వీడ్కోలు సభలో ఆమె పాటను ఆమెకే వినిపించాలని మేము నలుగురం అనుకున్నాం. ఒక మిత్రుడు చేతిలో ఇమిడే చిన్న రికార్డరు తెచ్చాడు. ఇంకొకడు తెలిసినవారి దగ్గర మంచి మైకు, దాని వైరు అడిగి తెచ్చాడు. వంటగది వెనక వేపచెట్టు కింద ఆమెను కూర్చోబెట్టి రెండు పాటలు రికార్డు చేశాం. తర్వాత మా క్లాసు మిత్రుడి చేత డప్పు వాయించి, దాన్ని సెల్‌ఫోనులో విడిగా రికార్డు చేశాం. రెండింటినీ కంప్యూటర్లో కలిపాం. ఇయర్‌ఫోన్లలో పదిసార్లు విన్నాం. గొంతు కొంచెం ఎక్కడో తల చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించినా, "స్టీరియో కదా, అలాగే ఉంటుంది" అని మాకు మేమే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాం.

సభ మొదలైంది. వార్డెన్ సార్, కామాటి, వాచ్‌మన్ అన్న, ఊరి నుంచి వచ్చిన ఆమె మనవలు అందరూ ముందు వరుసలో కూర్చున్నారు. హాస్టల్ యాంప్లిఫయర్‌కు వైరు తగిలించి పాట పెట్టాం. డప్పు దంచికొట్టినట్టు వచ్చింది. గొంతు రాలేదు. వాల్యూమ్ పెంచితే డప్పు ఇంకా పెరిగింది. డప్పు వెనక ఏదో చీమ గుసగుసలాంటి శబ్దం తప్ప పెద్దమ్మ గొంతు మచ్చుకైనా లేదు. మూడు నిమిషాలు ఉత్త డప్పే మోగింది. సభ అయిపోయాక ఆమె మా దగ్గరికి వచ్చి నవ్వుతూనే అడిగింది: "నా గొంతు ఏడబోయింది బిడ్డా?"

మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబే ఈ వ్యాసం.

ట్రాకు అంటే ఏమిటి?

శబ్దం అంటే గాలి ఒత్తిడిలో హెచ్చుతగ్గులు. మైకు వాటిని విద్యుత్తుగా మారుస్తుంది. కంప్యూటరు ఆ విద్యుత్తు ఎత్తును సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. సీడీలకు పెట్టుకున్న లెక్క ప్రకారం సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఈ అంకెల వరుసను తెర మీద గీతగా చూపిస్తే అదే మనం చూసే అలల బొమ్మ. మధ్యగీతకు పైన ఉంటే ఒత్తిడి పెరిగినట్టు, కింద ఉంటే తగ్గినట్టు.

ఇలాంటి వరుస ఒక్కటే ఉంటే అది మోనో ట్రాకు. రెండు వరుసలు జంటగా ఉండి, ఒకటి ఎడమ స్పీకరుకు, ఒకటి కుడి స్పీకరుకు వెళితే అది స్టీరియో ట్రాకు. ఆ ఒక్కొక్క వరుసను ఛానెల్ అంటారు. మోనో ట్రాకును రెండు స్పీకర్లున్న చోట వాయిస్తే రెండింట్లోనూ అదే శబ్దం సమానంగా వస్తుంది. అప్పుడు మన చెవికి అది మధ్యలోంచి వస్తున్నట్టు ఉంటుంది. కాబట్టి "మోనో అంటే ఒకవైపే వినిపించేది" అనుకోవడం పొరపాటు. ఒకవైపే వినిపిస్తే అది ఒక పక్క ఖాళీగా ఉన్న స్టీరియో. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి. సగం తికమకలు ఇక్కడే తీరిపోతాయి.

మేము వాడినది ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజ్జోనీ, రోజర్ డానెన్‌బర్గ్ దీన్ని మొదలుపెట్టారు. 2000 సంవత్సరంలో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 2021లో మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ చేతికి వెళ్ళినా ఇప్పటికీ ఉచితమే. కాలేజీ ల్యాబులోని పాత కంప్యూటర్లో కూడా నడుస్తుంది. మనలాంటివాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి?

రెండు చెవులు ఎందుకు?

కళ్ళు మూసుకుని ఉన్నా, గేటు దగ్గర వార్డెన్ సార్ బండి ఆగిందా, వెనక సందులో ఆగిందా అని మనం చెప్పగలం. ఎలా? కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడిచెవికి ముందు చేరుతుంది, ఎడమచెవికి ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది. శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. మన రెండు చెవుల మధ్య దూరం సుమారు 20 సెంటీమీటర్లు. లెక్క వేస్తే ఆ ఆలస్యం సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ. దానికితోడు తల అడ్డం ఉండడంవల్ల ఎడమచెవికి శబ్దం కొంచెం తగ్గి చేరుతుంది. ఇంత చిన్న తేడాను పట్టుకుని మెదడు దిక్కు చెప్పేస్తుంది.

స్టీరియో అంటే ఈ తేడాను రికార్డులోనే దాచిపెట్టడం. దీనికి పునాది వేసినవారిలో ముఖ్యుడు ఇంగ్లాండుకు చెందిన అలన్ బ్లమ్లైన్. ఈఎంఐ సంస్థలో పనిచేస్తూ 1931లో దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. సినిమా తెర మీద నటుడు ఒక పక్క ఉంటే గొంతు మాత్రం ఒకే స్పీకరు నుంచి రావడం ఆయనకు నచ్చలేదని చెబుతారు. 1942లో రాడార్ పరీక్షలు చేస్తున్న విమానం కూలి, 38 ఏళ్ళకే చనిపోయాడు. స్టీరియో గ్రామఫోను రికార్డులు 1958 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చినప్పుడు చూడటానికి ఆయన లేడు.

ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది. స్టీరియో కనిపెట్టినవారు ఒక్క స్పీకరు ఉన్నవాడిని మరిచిపోలేదు. ఫిలిప్స్ సంస్థ 1963లో తెచ్చిన క్యాసెట్‌నే చూడండి. స్టీరియో క్యాసెట్లో ఎడమ, కుడి ఛానెళ్ళు టేపు మీద పక్కపక్కనే ఉంటాయి. ఒక బాక్సు ఉన్న చిన్న టేప్ రికార్డరులో హెడ్డు రెండింటినీ కలిపి చదివేస్తుంది. అందుకే సీనియర్ అన్నల కాలంలో పట్నంలో కొన్న స్టీరియో క్యాసెట్ ఊళ్ళోని మోనో టేప్ రికార్డరులో కూడా పూర్తిగా వినిపించేది. ఎఫ్.ఎం. స్టీరియో ప్రసారం కూడా అంతే. ముందు ఎడమ, కుడి కలిపిన మొత్తాన్ని పంపుతారు. దానితోపాటు ఎడమలోంచి కుడిని తీసేసిన తేడాను వేరుగా పంపుతారు. మామూలు రేడియో మొత్తాన్ని మాత్రమే తీసుకుని పాడుతుంది. స్టీరియో రేడియో రెండింటినీ తీసుకుని ఎడమ, కుడి మళ్ళీ విడదీస్తుంది.

అంటే ప్రపంచంలో ఎక్కడ చూసినా స్టీరియో ఎప్పుడో ఒకప్పుడు మోనోగా కలవక తప్పదు. సెల్‌ఫోనులో ఒకే స్పీకరు ఉన్నప్పుడు, ఊళ్ళో మైకుసెట్టులో, ఒంటి బ్లూటూత్ బాక్సులో, మన హాస్టల్ యాంప్లిఫయర్‌లో కూడా ఎడమ, కుడి కలిసిపోతాయి. మా పాట చచ్చింది సరిగ్గా ఆ కలిసే చోటే.

గొంతు ఎందుకు మాయమైంది?

సభ అయిపోయిన వారానికి, ఆ ఫైలు పాడైపోయిందని తీసేయబోయాం. చివరిసారిగా విందామని ఇద్దరం అలవాటు ప్రకారం చెరో ఇయర్‌ఫోను పెట్టుకున్నాం. ఎడమ పెట్టుకున్నవాడికి పెద్దమ్మ గొంతు చక్కగా వినిపిస్తోంది. కుడి పెట్టుకున్నవాడికీ చక్కగా వినిపిస్తోంది. మార్చుకుని విన్నాం, అయినా అంతే. విడివిడిగా రెండూ బాగున్నాయి, కలిస్తేనే గొంతు లేదు!

ఆడాసిటీలో ఆ ట్రాకును బాగా పెద్దది చేసి చూశాం. అప్పుడు కనిపించింది అసలు దొంగ. పై వరుసలో అల పైకి లేచిన ప్రతిచోటా కింది వరుసలో అల సరిగ్గా అంతే కిందికి దిగి ఉంది. చెరువు గట్టు మీద తాటిచెట్టు, నీళ్ళలో దాని నీడ ఎలా ఉంటాయో అలా ఉన్నాయి రెండు వరుసలూ. ఎడమలో +5 ఉంటే కుడిలో −5. ఎడమలో −3 ఉంటే కుడిలో +3. కలిపితే? సున్నా! ఒకే తలుపును ఇద్దరు చెరో పక్క నుంచి సమానంగా నెడితే తలుపు కదలదు. స్పీకరు పరిస్థితీ అంతే. ముందుకు కదలమని ఒక ఛానెల్, వెనక్కి కదలమని ఇంకో ఛానెల్ చెబుతుంటే అది కదలకుండా ఊరుకుంది. డప్పు మాత్రం ఫోనులో మోనోగా రికార్డయింది కాబట్టి రెండు పక్కలా ఒకే దిశలో ఉంది. అందుకే అది రెట్టింపుగా మోగింది.

దీనికి భౌతికశాస్త్రంలో వినాశక వ్యతికరణం అని పేరు. మేము దీన్ని పుస్తకంలో చదివాం, బొమ్మ గీశాం, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. మా ఎదురుగా, ముందు వరుసలో కూర్చున్న పెద్దమ్మ గొంతు రూపంలో అది జరుగుతుంటే మాత్రం గుర్తుపట్టలేకపోయాం. ఆ రోజు మాకు బాధ కలిగించింది ఇదే. బట్టీపట్టిన చదువు ఇలాగే ఉంటుంది కాబోలు.

మరి ఆ రెండు వరుసలు తలకిందులుగా ఎందుకు వచ్చాయి? తప్పు వైరులో ఉంది. మంచి మైకులకు మూడు పిన్నులుంటాయి. ఒకటి ఎర్తు. మిగతా రెండు తీగల్లో ఒకే శబ్దం వెళుతుంది, కానీ ఒకదాంట్లో నేరుగా, రెండోదాంట్లో తలకిందులుగా. ఇది కావాలని చేసిన ఏర్పాటే. పొడవైన వైరు మీద దారిలో కరెంటు తీగల గుంయ్‌మనే రొద చేరితే అది రెండు తీగల మీదా ఒకేలా చేరుతుంది. అవతలి యాంప్లిఫయరు ఒక తీగలోంచి రెండోదాన్ని తీసివేస్తుంది. ఒకేలా ఉన్న రొద పోతుంది, తలకిందులుగా ఉన్న గొంతు రెట్టింపవుతుంది. దీన్ని బ్యాలెన్స్‌డ్ పద్ధతి అంటారు.

కానీ మా చిన్న రికార్డరుకు ఆ తెలివి లేదు. దాని మైకు రంధ్రం స్టీరియో మైకు కోసం పెట్టింది. మొదటి తీగను ఎడమ అనుకుంది, రెండో తీగను కుడి అనుకుంది. దాని లెక్కలో అది చేసింది సరైనదే. రెండు నల్లగీతల పిన్ను ఒకేలా కనిపించినా, ఒకచోట అది స్టీరియో, ఇంకోచోట అది బ్యాలెన్స్‌డ్ మోనో అని తెలియనిది మాకే.

సరిచేసిన విధం

తెలిశాక సరిచేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మీకూ ఎప్పుడైనా అవసరం పడుతుంది కాబట్టి వరుసగా చెబుతాం. వెర్షన్‌ను బట్టి మెనూల చోటు కొంచెం అటూ ఇటూ మారవచ్చు.

1. ముందు అసలు ఫైలుకు ఒక కాపీ తీసి వేరేచోట దాచాలి. ఏ పని చేసినా కాపీ మీదే.

2. ట్రాకుకు ఎడమవైపు దాని పేరున్న చోట నొక్కితే ఒక మెనూ వస్తుంది. అందులో 'స్ప్లిట్ స్టీరియో ట్రాక్', 'స్ప్లిట్ స్టీరియో టు మోనో' అని రెండు ఉంటాయి. మొదటిది ట్రాకును రెండుగా విడదీస్తుంది కానీ, ఎడమది ఎడమకే, కుడిది కుడికే వినిపిస్తుంది. రెండోది విడదీసి రెండింటినీ మధ్యలోకి తెస్తుంది. మాకు కావలసింది రెండోది.

3. అప్పుడు రెండు మోనో ట్రాకులు కనిపిస్తాయి. 'సోలో' బటన్ నొక్కి ఒక్కొక్కటి విడిగా వినాలి. రెండూ బాగుంటే ఏదో ఒకటి ఉంచుకుని రెండోదాన్ని తీసేయవచ్చు. పెద్దమ్మ గొంతు తిరిగి వచ్చేసింది!

4. ఇంకా మెరుగ్గా కావాలంటే రెండోదాన్ని తీసేయకుండా ఎంపిక చేసుకుని, ఎఫెక్ట్ మెనూలో 'ఇన్వర్ట్' నొక్కాలి. తలకిందులుగా ఉన్నది నిలబడుతుంది. ఇప్పుడు రెండింటినీ 'మిక్స్ అండ్ రెండర్'తో కలపాలి. రికార్డరు చేయలేని తీసివేత లెక్కను మనం చేతితో చేసినట్టయింది. గొంతు బలపడుతుంది, వైరు మీద చేరిన రొద కొంత పోతుంది. కలిపే ముందు రెండింటి గెయిన్ కొంచెం తగ్గించాలి, లేకపోతే అలలు పైన గీత దాటి గొంతు చిట్లినట్టు అవుతుంది.

5. ప్రాజెక్టును సేవ్ చేయడం వేరు, పాటగా ఎక్స్‌పోర్ట్ చేయడం వేరు. ప్రాజెక్టు ఆడాసిటీలోనే తెరుచుకుంటుంది. ఫోనులో వినాలంటే వేవ్ ఫైలుగానో, ఎంపీ3గానో ఎక్స్‌పోర్ట్ చేయాలి. దాచుకునేదాన్ని వేవ్‌లో, పంచుకునేదాన్ని ఎంపీ3లో చేయడం మంచిది.

ఈ 'ఇన్వర్ట్'తోనే ఇంకో తమాషా ఉంది. వార్షికోత్సవంలో పాడేవాళ్ళు "సినిమా పాటలో గొంతు తీసేసి మ్యూజిక్ మాత్రం ఇవ్వండన్నా" అని అడుగుతుంటారు కదా. చాలా పాటల్లో గాయకుడి గొంతు మధ్యలో, అంటే రెండు ఛానెళ్ళలో ఒకేలా ఉంటుంది. ఒక ఛానెల్ తలకిందులు చేసి కలిపితే మధ్యలో ఉన్నదంతా పోతుంది. అయితే మధ్యలోనే ఉన్న డ్రమ్ము, బేసు కూడా దానితోపాటే పోతాయి. గొంతుకు చేర్చిన ప్రతిధ్వని కొంత మిగులుతుంది. మాకు పొరపాటున జరిగిందే, కావాలని చేస్తే కరోకే అన్నమాట.

ఒకవైపే వినిపిస్తుంటే

తమ్ముళ్ళు మా దగ్గరికి ఎక్కువగా తెచ్చే సమస్య ఇది. "అన్నా, ఉపన్యాసం రికార్డు చేశా, ఎడమ చెవిలోనే వస్తోంది." స్టీరియో రికార్డరులో మోనో మైకు పెడితే చాలాసార్లు ఇలాగే అవుతుంది. పై వరుసలో అలలు, కింది వరుసలో ఉత్త గీత కనిపిస్తుంది. మందు ఒకటే. 'స్ప్లిట్ స్టీరియో టు మోనో' చేసి, ఖాళీ ట్రాకును తీసేయాలి. మిగిలిన మోనో రెండు చెవులకూ వస్తుంది.

కొందరు 'మిక్స్ స్టీరియో డౌన్ టు మోనో' చేస్తారు. పని జరుగుతుంది కానీ, నిండు గ్లాసును ఖాళీ గ్లాసుతో సర్ది సగటు తీసినట్టు శబ్దం సగానికి పడిపోతుంది. తర్వాత దాన్ని పెంచితే వెనకున్న రొద కూడా పెరుగుతుంది. రెండు ఛానెళ్ళలోనూ సరుకు ఉన్నప్పుడే ఆ పద్ధతి వాడాలి.

ఇంకొందరు ఒకే మోనో ట్రాకును డూప్లికేట్ చేసి, 'మేక్ స్టీరియో ట్రాక్' నొక్కి "స్టీరియో చేశాం" అంటారు. పై ట్రాకు ఎడమకు, కింది ట్రాకు కుడికి వెళుతుంది, నిజమే. కానీ రెండింట్లోనూ ఉన్నది ఒకటే కాబట్టి వినడానికి మోనోనే. ఫైలు మాత్రం బరువెక్కుతుంది. ఒకే ఫోటోను రెండు ఫ్రేముల్లో పెడితే ఇద్దరు మనుషులు అవుతారా?

ఎప్పుడు ఏది?

మా అనుభవంలో ఒక గొంతు, ఒక మైకు ఉంటే మోనో చాలు. పాఠం, ఉపన్యాసం, కవిత, కథ, ఒంటరి పాట – ఏదైనా సరే. ఆడాసిటీలో రికార్డు చేసే ముందే ఛానెళ్ళ దగ్గర ఒకటి అని ఎంచుకోవాలి. బరువు లెక్క చూడండి. సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలతకు 2 బైట్లు. మోనో వేవ్ ఫైలు నిమిషానికి సుమారు 5.3 మెగాబైట్లు, స్టీరియో అయితే 10.6. ఎంపీ3లో మాటల కోసం మోనో 64 కిలోబిట్లు పెడితే నిమిషానికి అర మెగాబైటు కూడా దాటదు. పది నిమిషాల పాఠం 5 మెగాబైట్లలోపు. డేటా అయిపోయి పక్కవాడి హాట్‌స్పాట్ కోసం బతిమాలే మనకు ఈ లెక్క చిన్నది కాదు.

శబ్దాలు ఒక చోటు నిండా పరుచుకుని ఉన్నప్పుడు స్టీరియో కావాలి. కోలాటం, డప్పుల గుంపు, బోనాల ఊరేగింపు, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే ఆడవాళ్ళు – వీటిని రెండు మైకులున్న రికార్డరుతో స్టీరియోలో తీస్తే, వినేవాడు ఆ గుంపు మధ్యలో నిలబడినట్టు ఉంటుంది. మోనోలో అదే గుంపు ఒక కిటికీ సందులోంచి విన్నట్టు ఉంటుంది.

ఇద్దరు మాట్లాడుకునే ఇంటర్వ్యూకు ఒక ఉపాయం. ఎడమ ఛానెల్‌కు ఒకరి మైకు, కుడి ఛానెల్‌కు ఇంకొకరి మైకు పెట్టి స్టీరియోగా రికార్డు చేయండి. తర్వాత విడదీసి రెండు మోనోలు చేయండి. ఒకరు మాట్లాడుతున్నప్పుడు ఇంకొకరు దగ్గితే ఆ దగ్గును మాత్రమే తీసేయవచ్చు. విడదీయకుండా వదిలేస్తే మాత్రం ఒక ఇయర్‌ఫోనుతో వినేవాడికి ప్రశ్నలే వినిపిస్తాయి, జవాబులుండవు! రెండు మైకులు వాడేటప్పుడు, మనిషికీ అతని మైకుకూ ఎంత దూరం ఉందో, రెండు మైకుల మధ్య దానికి కనీసం మూడింతలు ఉంచాలని పెద్దలు చెబుతారు. లేకపోతే ఒకే గొంతు కొంచెం ఆలస్యంగా రెండో మైకులోనూ పడి, కలిపినప్పుడు డబ్బాలోంచి మాట్లాడినట్టు అవుతుంది. అదీ మా పెద్దమ్మ పాట జబ్బుకు చిన్న చెల్లెలే.

పలు ట్రాకులతో పాట కట్టేటప్పుడు ప్రతి ట్రాకునూ మోనోగానే ఉంచి, 'ప్యాన్' స్లైడరుతో చోటు చూపించాలి. గొంతు మధ్యలో, డప్పు కొంచెం ఎడమకు, తాళం కొంచెం కుడికి. అన్నీ మధ్యలోనే పెడితే ఒకదాని మీద ఒకటి పడి ఇరుకవుతుంది. పూర్తిగా ఒక పక్కకు మాత్రం దేన్నీ నెట్టకండి. సభలో ఒక బాక్సుకు దగ్గరగా కూర్చున్నవాడికి, ఒక చెవి మాత్రమే పనిచేసేవారికి అది అందదు. అలాంటివారి కోసమే ఇప్పుడు ఫోన్ల సెట్టింగులలో 'మోనో ఆడియో' అని ఒకటి ఉంటుంది. తెలిసినవారికి ఎవరికైనా అవసరమైతే చెప్పండి.

చివరగా, అన్నిటికన్నా ముఖ్యమైనది. పాట పూర్తయ్యాక ఇయర్‌ఫోన్లలో విని ఊరుకోవద్దు. ఒకసారి మోనోగా కలిపి, ఒంటి స్పీకరులో వినండి. ఏ చోట వాయించబోతున్నారో ఆ చోట, ఆ యాంప్లిఫయరు మీదే ముందురోజు ఒకసారి వేసి చూడండి. మేము ఆ ఒక్కపని చేసి ఉంటే ఆ రోజు తలదించుకునేవాళ్ళం కాము.

పెద్దమ్మ విన్నది

సరిచేసిన పాటను ఫోనులో వేసుకుని ఒక ఆదివారం మేము నలుగురం పెద్దమ్మ ఊరికి వెళ్ళాం. రెండు బస్సులు మారాం. ఆమె మమ్మల్ని చూసి మొదట అడిగింది "తిన్నరా బిడ్డా?" అనే. అరుగు మీద కూర్చోబెట్టి, ఫోను ఆమె చేతికిచ్చి పాట పెట్టాం. ఒక్క స్పీకరున్న పాత ఫోను. గొంతు వచ్చింది. డప్పు కన్నా ముందు గొంతే వచ్చింది. ఆమె కాసేపు విని "ఇది నేనేనా? ముసల్దాని లెక్క ఉన్నది గొంతు" అని నవ్వింది. తర్వాత పాట అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. అయిపోయాక "మళ్ళొక్కసారి పెట్టు" అంది. వాళ్ళ మనవడి ఫోనులోకి ఆ పాట ఎక్కించి వచ్చాం.

తమ్ముళ్ళూ! మన ఇళ్ళలో పుస్తకాలు తక్కువ. మన అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతలు తమ కథలు కాగితం మీద రాయలేదు. వాళ్ళు ఏమి దాచినా గొంతులోనే దాచారు. ఈ సెలవులకు ఊరికి వెళ్ళినప్పుడు ఒక అరగంట వాళ్ళ ముందు ఫోను పెట్టి కూర్చోండి. ఫ్యాను ఆపండి, ఫోనును వాళ్ళ నోటికి జానెడు దూరంలో ఉంచండి, మోనో చాలు. పాడైందనుకున్న ఫైలును కూడా తొందరపడి తీసేయకండి. విడదీసి చూడండి. గొంతు పోలేదేమో, తలకిందులుగా ఉందేమో.